లారీ ఇంజన్‌ని విన్న కాలం

పాతకాలపు లారీ మెకానిక్కుల గురించి చెప్పుకునే కథలన్నీ ఒకే అచ్చులో ఉంటాయి. లారీ వచ్చి షెడ్డు ముందు ఆగుతుంది. డ్రైవరు నోరు విప్పకముందే మేస్త్రి ఆ చప్పుడు విని, ఫలానా సిలిండరులో ఫలానా సామాను పోయిందని చెప్పేస్తాడు. విప్పి చూస్తే సరిగ్గా అదే. ఈ కథల్లో కొంత నిజం లేకపోలేదు. చిక్కేమిటంటే, ఇవి ఆ పనితనాన్ని ఒక మనిషికి పుట్టుకతో అబ్బిన వరంగా చూపిస్తాయి. వరానికి చరిత్ర అక్కర్లేదు, వారసులే కావాలి. ఆ చెవికి మాత్రం చరిత్ర ఉంది, అదీ తేదీలతో సహా. 1954 తర్వాత కొన్ని దశాబ్దాల పాటు మన రోడ్ల మీద రెండు మూడు రకాల ఇంజన్లే ఎక్కువగా తిరిగాయి. ఒక్కో సిలిండరునూ కాసేపు ఆపి చూడడానికి ఆ ఇంజన్లు వీలిచ్చాయి. విన్నది నిజమో కాదో ఆ సాయంత్రానికే తేలిపోయేలా మెకానిక్కులు, లేత్ మిషన్ల వాళ్లు, పంపు పనివాళ్లు ఒకేచోట పోగయ్యారు. ఈ మూడూ కలిసిన కాలంలో ఆ చెవి తయారైంది, అవి విడిపోయాక పలచబడింది. ఈ మాటను పరీక్షించడానికి పెద్ద మోతలేవీ అక్కర్లేదు. పాత డీజిల్ లారీ ఇంజన్లో వినిపించే అతిచిన్న రోగలక్షణం, ఆగకుండా కొట్టే టిక్కు టిక్కు చాలు.

ముందు ఆ టిక్కు ఎలా పుడుతుందో చూడాలి. అప్పటి లారీ ఇంజన్లో 6 సిలిండర్లు, ఒక్కోదానికి రెండేసి చొప్పున 12 వాల్వులు. క్యామ్‌షాఫ్టు తిరుగుతూ ట్యాపెట్‌ని లేపుతుంది, ట్యాపెట్ పుష్‌రాడ్డుని నెడుతుంది, పుష్‌రాడ్డు రాకర్‌ని వాలుస్తుంది, రాకర్ వాల్వుని నొక్కుతుంది. రాకర్ మూతికీ వాల్వు తలకీ నడుమ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు సన్నటి గ్యాపు వదలాలి. టాటా లారీల ఇంజన్‌కి మూలమైన మెర్సిడెస్ ఓఎం 352 ఇంజన్‌కి అది ఇన్‌లెట్ వాల్వు దగ్గర 0.20 మి.మీ., ఎగ్జాస్ట్ దగ్గర 0.30 మి.మీ. పొగ బయటికి పోయే వాల్వు ఎక్కువ కాలుతుంది, ఎక్కువ సాగుతుంది కాబట్టి దానికి ఎక్కువ ఖాళీ. ఖాళీ అంటూ ఉన్నాక ఇనుము వెళ్లి ఇనుముని తాకాల్సిందే, తాకితే చప్పుడు కావాల్సిందే. నిమిషానికి 600 చుట్లతో ఇంజన్ నిలకడగా ఆడుతోందనుకుందాం. క్యామ్‌షాఫ్టు వేగం క్రాంకులో సగం, కాబట్టి ఒక్కో వాల్వు నిమిషానికి 300 సార్లు, అంటే సెకనుకు 5 సార్లు తెరుచుకుంటుంది. 12 వాల్వులు కలిసి సెకనుకు 60 తాకిళ్లు. ఇన్నిటిని మన చెవి విడదీయలేదు. అవన్నీ ఒకదాన్నొకటి అంటుకుని ఒకే గరగరగా వినిపిస్తాయి. వాటిలో ఒక్క వాల్వు గ్యాపు పెరిగితే, ఆ ఒక్కటే సెకనుకు 5 దెబ్బల లెక్కన గుంపులోంచి విడిపడి వినిపిస్తుంది. అంటే టిక్కుని వినడానికి గొప్ప చెవి ఏమీ అక్కర్లేదు. డ్రైవరుకీ వినిపిస్తుంది, క్లీనరుకీ వినిపిస్తుంది, పక్కనున్న టీకొట్టు వాడికీ వినిపిస్తుంది. అది ఎవరి టిక్కో తేల్చడమే అసలు విద్య.

ఆ తేల్చడం దగ్గరే చెవి ఒంటరిగా ఓడిపోతుంది. సెకనుకు 5 అనే ఆ లయ ట్యాపెట్ ఒక్కదాని సొత్తు కాదు. నాలుగు స్ట్రోకుల ఇంజన్లో ఏ సిలిండరైనా రెండు చుట్లకొకసారే మండుతుంది కాబట్టి, ఇంజెక్టరు నాజిల్ సూది ఇరుక్కుని కొట్టే దెబ్బా అదే లయలో ఉంటుంది. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డు గ్యాస్కెట్ చిట్లి గాలి తన్నుకొచ్చే చిటపటా అదే లయ. ఇంజెక్టరు కింది రాగి వాషరు పక్క నుంచి మంట తప్పించుకున్నా అదే. రాకర్ బుష్ అరిగినా, పుష్‌రాడ్డు వంగినా అదే. చప్పుడు లయని బట్టి ఇది క్రాంకు వైపు సంగతా, పై వైపు సంగతా అని ఒక అంచనాకి రావచ్చు గానీ, పై వైపున ఉన్న అరడజను అనుమానితుల్లో ఒకరిని పట్టుకోవడానికి లయ పనికిరాదు. అందుకే మెకానిక్కు విని ఊరుకునేవాడు కాదు, ఇంజన్‌ని కెలికి మళ్లీ వినేవాడు. ఇంజన్ ఆడుతుండగానే ఒక ఇంజెక్టరుకి వెళ్లే పైపు నట్టు వదులు చేస్తే డీజిల్ బయటికి చిమ్మి ఆ సిలిండరు మండడం మానేస్తుంది. అప్పుడు టిక్కు పోతే దోషం మంటతో ముడిపడినది: నాజిల్ కావచ్చు, గ్యాస్కెట్ కావచ్చు, దెబ్బ మరీ బరువైనదైతే కన్‌రాడ్ బేరింగు కావచ్చు. టిక్కు ఏమాత్రం మారకపోతే ఆ సిలిండరు మంటకీ దానికీ సంబంధం లేదు, ట్యాపెట్ల వైపు చూడాలి. అప్పుడు ట్యాపెట్ కవరు విప్పి, తిరుగుతున్న ఇంజన్లోనే రాకర్‌కీ వాల్వుకీ మధ్య, గ్యాపు కొలిచే ఫీలర్ గేజి ఆకు దూరుస్తారు. ఎక్కడ దూర్చినప్పుడు చప్పుడు చచ్చిందో దొంగ అక్కడే. పొద్దున్నే చల్లటి ఇంజన్లో గట్టిగా కొట్టి, వేడెక్కి ఇనుము సాగాక తగ్గితే గ్యాస్కెట్ మీదికి అనుమానం పోతుంది. పిస్టన్ లైనరుకి తగిలే చప్పుడూ అలాగే వేడికి తగ్గుతుంది కాబట్టి, మళ్లీ పైపు నట్టు దగ్గరికి రావాలి.

స్క్రూడ్రైవరు పిడిని చెవికి ఆనించి కొనను ఇంజన్ మీద ఒక్కోచోటా పెట్టి వినడం ఈ పనికి గుర్తుగా మిగిలిపోయింది గానీ, పై వరసలో అది ఒక మెట్టు మాత్రమే. చప్పుడు ఎక్కడ బలంగా ఉందో అది చెబుతుంది, ఎందుకుందో చెప్పదు. ఇనుప దిమ్మలో చప్పుడు ఎటైనా పాకుతుంది కాబట్టి ఒక్కోసారి తప్పుదోవా పట్టిస్తుంది. ఈ అలవాటుకి ముత్తాతలు చాలామందే ఉన్నారు. గడియారంలో చక్రాల కదలికను విన్నట్టే వస్తువుల లోపలి కదలికలను చప్పుడు ద్వారా కనిపెట్టవచ్చేమోనని ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ ఊహించాడు. ఆయన పోయాక 1705లో అచ్చయిన రచనల్లో ఆ ఊహ ఉంది. రోగి ఛాతీ వినడానికి ఫ్రాన్సులో లేనెక్ స్టెతస్కోపు చేసింది 1816లో. రైలు స్టేషన్లో సుత్తితో చక్రాలను తట్టి, పగులు ఉందో లేదో మోగిన తీరుని బట్టి చెప్పే ఉద్యోగి మన జనానికి కొత్త మనిషి కాదు. కానీ లారీ షెడ్డు పద్ధతికి దగ్గరి చుట్టం వీళ్లెవరూ కాదు, పెట్రోలు ఇంజన్. పెట్రోలు లారీల కాలంలో స్పార్కు ప్లగ్గు నెత్తి నుంచి ఇంజన్ దిమ్మకి స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి, ఆ ప్లగ్గుకి కరెంటు అందకుండా చేసి, ఒక్కో సిలిండరుని ఆపి చూసేవాళ్లు. ప్లగ్గులే లేని డీజిల్ వచ్చాక అదే ప్రశ్నను పైపు నట్టు దగ్గర అడగడం మొదలైంది. పరికరం మారింది, అనుమానితుల్ని ఒక్కొక్కరినే వరస నుంచి తప్పించే ఆలోచన మారలేదు.

ఇక్కడి నుంచి చరిత్ర మన దేశానిది. స్వాతంత్ర్యానికి ముందు ఇక్కడ తిరిగిన లారీలు, బస్సులు ఒక జాతివి కావు. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలో షెవర్లే బళ్లు బిగించి అమ్మింది. ఫోర్డు వచ్చింది, డాడ్జి వచ్చింది, బెడ్‌ఫర్డ్ వచ్చింది. నిజాం రాష్ట్రంలో రైల్వే శాఖ 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు వాడినవి ఆల్బియన్లు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న ట్రక్కులు కూడా వీటిలో కలిశాయి. ఇన్ని రకాల మధ్య పనిచేసే మెకానిక్కుకి ప్రతి ఇంజనూ కొత్త మొహమే. ఒక బండి దగ్గర నేర్చిన చప్పుడు ఇంకో బండి దగ్గర చెల్లదు. 1953లో టారిఫ్ కమిషన్ నివేదిక తర్వాత, విడిభాగాలు తెచ్చి బిగించడమే తప్ప ఇక్కడ తయారుచేసే ఉద్దేశం లేని కంపెనీలకు చోటు లేదని ప్రభుత్వం తేల్చింది. జనరల్ మోటార్స్, ఫోర్డు సర్దుకుని వెళ్లిపోయాయి. 1954లో టాటాల టెల్కో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో పదిహేనేళ్ల ఒప్పందం చేసుకుంది, అదే ఏడాది జంషెడ్‌పూర్ నుంచి మొదటి టాటా మెర్సిడెస్ లారీ బయటికొచ్చింది. 1948లో ఆస్టిన్ కార్లు బిగించడానికి మద్రాసులో పుట్టిన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్‌గా మారి లేలాండ్ కామెట్ తయారీ చేపట్టింది. 1951లో బెంగుళూరులో మొదలైన మైకో సంస్థ బాష్ నమూనాలో డీజిల్ పంపులు, నాజిళ్లు తయారుచేసింది. బెడ్‌ఫర్డ్, డాడ్జి పేర్లతో ఇంకో రెండు కంపెనీలు బళ్లు అమ్ముతూనే ఉన్నా, పెద్ద లారీల్లో రాజ్యం మాత్రం టాటా, లేలాండ్‌లదే అయింది.

ఎవరు ఏం తయారుచేయాలో ప్రభుత్వమే తేల్చిన ఈ లైసెన్సుల రాజ్యాన్ని తిట్టడానికి కారణాలు కొల్లలు. బండికోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన లారీ యజమానులు ఆ తిట్లకు అందరికంటే ముందు హక్కుదారులు. కానీ అదే విధానం ఎవరూ తలపెట్టని ఇంకో పనీ చేసింది: దేశం మొత్తానికి ఒకే చప్పుడు ఇచ్చింది. టాటా వారి 692, 697 ఇంజన్ల పేర్లలోనే వాటి జాతకం ఉంది. మొదటి అంకె 6 సిలిండర్లు, మిగతా రెండూ బోరు కొలత మిల్లీమీటర్లలో. 697 బోరూ స్ట్రోకూ 97, 128 మి.మీ., అంటే ఓఎం 352 కొలతలే. జర్మన్లతో ఒప్పందం 1969లో ముగిసి బానెట్ మీది మెర్సిడెస్ నక్షత్రం పోయింది గానీ లోపలి ఇంజన్ వంశం కొనసాగింది. లేలాండ్ 370, 400 అంకెలు ఘనపుటంగుళాల్లో ఇంజన్ పరిమాణాలు. ఈ నాలుగైదు అంకెలతో రెండు మూడు దశాబ్దాల లారీ లోకం దాదాపు పూర్తయిపోతుంది. పంపు మైకో, నాజిల్ మైకో. సిలిండర్లు మండే వరస, అంటే ఫైరింగ్ ఆర్డరు, 1-5-3-6-2-4. ఆరో సిలిండరు వాల్వులు రెండూ ఊగుతుంటే ఒకటో సిలిండరు ట్యాపెట్లు సరిచేయాలన్న లెక్క అక్షరం రాని కుర్రాడికి కూడా నోటికి వచ్చేది. సరైన ఇంజన్ ఎలా మోగుతుందో లోపల స్థిరపడితేనే తేడా తెలుస్తుంది, రోజుకు పది 697లు విన్నవాడికి పదకొండోదాని తేడా దానంతట అదే తగులుతుంది. దాన్ని వరం అనడం ఎందుకు? అలవాటు పడడానికి చాలినంత సరుకు అందిన చెవి అది.

సరుకు ఒక్కటే చాలదు, తీర్పు కూడా కావాలి. విన్నది తప్పైతే తప్పని చెప్పేవాళ్లు లేకపోతే ఎన్ని వేల ఇంజన్లు విన్నా చెవి నేర్చేదేమీ ఉండదు. విజయవాడ లాంటి చోట్ల సంగతి ఇక్కడ పట్టించుకోవాలి. మద్రాసు నుంచి కలకత్తా పోయే రోడ్డు, హైదరాబాదు నుంచి మచిలీపట్నం పోయే రోడ్డు కలిసేది అక్కడే. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయ్యాక దాని మీది రోడ్డే చాలాకాలం కృష్ణ దాటే దారి అయింది. అటు పోయే లారీ, ఇటు పోయే లారీ ఆగక తప్పని ఊరు కాబట్టి బాగుచేసేవాళ్లూ అక్కడ పోగయ్యారు. 1960ల్లో జవహర్ ఆటోనగర్ ఏర్పడి వాళ్లందరినీ ఒక ప్రాంగణంలోకి తెచ్చింది. తర్వాత గుంటూరు, విశాఖపట్నం, హైదరాబాదు వంటి ఊళ్లలోనూ ఆటోనగర్లు వచ్చాయి. బోరు పనివాళ్లు, క్రాంకు గ్రైండింగు చేసేవాళ్లు, పంపు కాలిబ్రేషను వాళ్లు, కమాను కట్టల వాళ్లు, రేడియేటరు వాళ్లు, బాడీ కట్టేవాళ్లు, పాత సామాను దుకాణాలు, అన్నీ నడిచిపోయే దూరంలో. నాజిల్ అని మెకానిక్కు అనుమానిస్తే, విప్పి పంపు షాపుకి పంపితే గంటలో జవాబు వచ్చేది: నాజిల్ సరిగ్గానే కొడుతోంది, మళ్లీ చూసుకో. కన్‌రాడ్ బేరింగు అన్నాడనుకోండి, ఇంజన్ అడుగున ఉండే ఆయిలు ఛాంబరు విప్పగానే బేరింగు ముక్కలు నలుగురి ముందూ బయటపడేవి. తప్పు చెప్పినవాడి పరువు ఆ వీధిలోనే పోయేది. చెవి పదునెక్కింది ఈ సిగ్గు వల్లా, ఈ పక్క షాపుల వల్లా. అదే మెకానిక్కుని రోడ్డు పక్కన ఒంటరి షెడ్డులో కూర్చోబెడితే పదేళ్లలో నేర్చేది ఆటోనగరులో రెండేళ్లలో నేర్చి ఉండేవాడని నా అంచనా.

అసలు విప్పకుండా ముందు వినాలన్న పట్టుదల ఎందుకు? దానికి జవాబు డబ్బులో ఉంది. మన లారీ యజమానుల్లో ఒకటి రెండు బళ్లున్నవాళ్లే ఎక్కువ. బండి ఆగిన రోజు కిరాయి పోతుంది, ఫైనాన్సు వాయిదా ఆగదు. హెడ్డు విప్పితే గ్యాస్కెట్ కొత్తది వేయాలి, ఛాంబరు విప్పితే ఆయిలు పోతుంది, విప్పిన ప్రతి చోటా విరిగిన బోల్టు ఒకటి ఎదురుచూస్తుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లోనే ఇదే ఇంజన్లు నడిపిన ఇంకో సంస్థని పక్కన పెట్టి చూస్తే సంగతి తేటపడుతుంది. 1958లో ఏర్పడిన ఆర్టీసీ తన బస్సుల్ని డిపోలో అంచెలంచెల షెడ్యూలు ప్రకారం చూసుకునేది. చప్పుడు వచ్చినా రాకపోయినా, తిరిగిన కిలోమీటర్లను బట్టి ట్యాపెట్లు సరిచేయడం ఆ పద్ధతి. అక్కడ చెవి అనవసరం కాకపోయినా దాని మీద సంస్థ ఆధారపడలేదు, పుస్తకం మీద ఆధారపడింది. సొంత డిపో లేని, పుస్తకం లేని లారీవాడికి చప్పుడే షెడ్యూలు. ఇంజన్ క్యాబిన్‌లోకి చొచ్చుకొచ్చి పక్కనే మోగుతుంటే రోజుకు పది పన్నెండు గంటలు దాంతో గడిపిన డ్రైవరు తెచ్చే సాక్ష్యం అందులో సగం. ఘాటు ఎక్కేటప్పుడు వస్తోందా, ఖాళీ బండికా, లోడు బండికా, పొద్దున్నే తీసేటప్పుడా అని మెకానిక్కు అడిగే ప్రశ్నలు పైపు నట్టు దగ్గరికి పోకముందే అనుమానితుల్ని సగానికి తగ్గించేవి. కాబట్టి ఆ చెవి పూర్తిగా మెకానిక్కుది కూడా కాదు.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. లైసెన్సుల రాజ్యం, ఆటోనగరు లేని దేశాల్లో కూడా మెకానిక్కులు చెవితో కనిపెట్టారు కదా? నిజమే. జర్మనీలో ఇదే విషయం మీద పరిశోధన చేసిన చరిత్రకారుడు స్టెఫాన్ క్రెబ్స్, మోటారు బళ్ల తొలి దశాబ్దాల్లో నడిపేవాళ్లే ఇంజన్‌ని వినడం నేర్చుకోవాలని అక్కడి మోటారు రచనలు చెప్పేవని, ఆ తర్వాత వినే అధికారం మెకానిక్కుల చేతికి పోయిందని, కొలిచే యంత్రాలు వచ్చినప్పుడు వాటికీ చెవికీ మధ్య తగువు నడిచిందని చూపించాడు. ఫోక్స్‌వాగన్ 1971 నాటికే తన కార్లకు పరీక్షా యంత్రాన్ని తగిలించే ప్లగ్గు పెట్టింది. ఈ ఉదాహరణ నా వాదనను కూలదోయదు, ఇంకాస్త గట్టిపరుస్తుంది. వినడం అన్నిచోట్లా ఉంది, ఎవరు వినాలి, ఎంతకాలం వినాలి అన్నది మాత్రం ఆయా దేశాల పరిశ్రమ నిర్ణయించింది. అక్కడ 1970ల్లోనే చెవికి పోటీ వచ్చిన కాలంలో ఇక్కడ చెవికి పట్టాభిషేకం జరుగుతోంది. ఎందుకంటే ఇక్కడ ఇంజన్ మారలేదు, యంత్రం కొనే స్తోమత చిన్న షెడ్డుకి లేదు, మనిషి కూలి చవక. వాళ్ల చెవి కంటే మన చెవి గొప్పదని అనడానికి ఇందులో ఆధారమేమీ లేదు. మనది ఎక్కువ కాలం ఉద్యోగంలో ఉంది, అంతే.

ఇంకో అభ్యంతరం మొదటిదానికంటే మొరటుది: ఇదంతా పొగడ్త, మెకానిక్కులు ఎన్నిసార్లు తప్పు చెప్పలేదు, ఎంతమందిని మోసం చెయ్యలేదు? చెప్పారు, చేశారు కూడా. చప్పుడు అర్థం కాని యజమానికి ట్యాపెట్ టిక్కుని బేరింగు చావుగా చూపించి ఇంజన్ మొత్తం దించేసిన షెడ్లు లేకపోలేదు. కానీ నాకు ఇంతకంటే ఆసక్తిగా అనిపించేది దానికి తలకిందులైన మోసం, టిక్కుని మాయం చేయడం. ట్యాపెట్ గ్యాపు పెరిగితే చప్పుడు, వాల్వు ఆలస్యంగా తెరుచుకోవడం, రాకర్ అరుగుదల, అంతవరకే. గ్యాపు పూర్తిగా తగ్గిపోతే చప్పుడే ఉండదు గానీ వాల్వు తన సీటు మీద పూర్తిగా కూర్చోదు. వాల్వు తల తన వేడిలో పెద్ద వాటాని సీటుకి తాకినప్పుడే వదిలించుకుంటుంది కాబట్టి, కూర్చోని వాల్వు కాలిపోతుంది, కంప్రెషన్ పోతుంది, చివరికి హెడ్డు విప్పాల్సి వస్తుంది. కాస్త టిక్కుమనే ట్యాపెట్టే మంచిదని అనుభవం ఉన్నవాళ్లు అనేది ఇందుకే. యజమానికి మాత్రం ఇంజన్ మెత్తగా ఆడితేనే తృప్తి. బండి అమ్మేవాడికి అది తృప్తే కాదు, ధర. అందుకని ట్యాపెట్లు బిగించి, చిక్కటి ఆయిలు పోసి, వారం పాటు ఇంజన్ నోరు మూయించి అమ్మేయడం పాత బళ్ల బజారులో అందరికీ తెలిసిన ఎత్తు. అంటే చప్పుడు వినడం తెలిసినవాడి అసలు పరీక్ష, ఉండాల్సిన చప్పుడు లేకపోవడాన్ని పట్టడంలో ఉంది. నిశ్శబ్దాన్ని అనుమానించడం వరంతో రాదు, ఫీలర్ గేజి ఆకు దూర్చి చూస్తేనే వస్తుంది. తప్పులూ మోసాలూ జరిగిన చోటల్లా తప్పిపోయింది చెవి కాదు, ఆ పరీక్షా క్రమం. డబ్బు తొందరలోనో దురాశలోనో ఒక మెట్టు ఎగ్గొట్టినప్పుడు మేస్త్రి చెవి యజమాని చెవి కంటే మెరుగైనదేమీ కాదు.

చెవే ప్రధానమనే వాళ్లు ఇంకో సంగతికీ జవాబు చెప్పుకోవాలి. డీజిల్ ఇంజన్ల మధ్య, సుత్తి దెబ్బల మధ్య బతుకంతా గడిపినవాడి వినికిడి ఏమవుతుంది? మోత వల్ల వచ్చే చెవుడు మొదట కొట్టేది 4,000 హెర్ట్‌జ్ దగ్గరి హెచ్చుస్థాయి శబ్దాలను. టిక్కులో పదును ఉండేది కూడా ఈ హెచ్చు శబ్దాల్లోనే. స్క్రూడ్రైవరు నుంచి ఎముక ద్వారా విన్నా వినాల్సింది దెబ్బతిన్న ఆ లోపలి చెవే కాబట్టి, అది పోయిన వినికిడిని తెచ్చిపెట్టదు. అయినా పేరున్న మేస్త్రులు ముసలితనంలో కూడా ఆ పనిలో కొనసాగారంటే, వాళ్లు ఆధారపడింది పిడి పట్టుకున్న అరచేతికి తెలిసే అదురు మీద, ఎగ్జాస్ట్ పొగ రంగు మీద, ఆయిలు ప్రెషరు ముల్లు మీద, నట్టు వదిలినప్పుడు ఇంజన్ కుంటుతుందా లేదా అన్న తేడా మీద, పక్కన నిలబడ్డ కుర్రాడి లేత చెవి మీద. చెవి పేరుతో చలామణీ అయింది నిజానికి ఇంత పెద్ద ఉమ్మడి కుటుంబం.

ఆ కుటుంబం విడిపోవడం ఎలక్ట్రానిక్సుతో మొదలైందని సాధారణంగా అంటారు. అంతకంటే ముందే, ఇంజన్ రకాలు పెరగడంతో మొదలైందని నేననుకుంటాను. 1980ల్లో చిన్న లారీల్లోకి జపాను వాళ్లు వచ్చారు: టయోటా, మిత్సుబిషి, మజ్దా, నిస్సాన్. వీటిలో నిస్సాన్ వచ్చింది హైదరాబాదు ఆల్విన్‌తో చేయి కలిపి. 1993లో టాటా, కమిన్స్ కలిసి జంషెడ్‌పూర్‌లో ఉమ్మడి సంస్థ పెట్టాక టాటా లారీల్లోకే కమిన్స్ బి సిరీస్ ఇంజన్ చేరింది. ఆ కమిన్స్ ఆరు సిలిండర్ల ఇంజన్‌కి వాల్వు గ్యాపు ఇన్‌లెట్ దగ్గర 0.25, ఎగ్జాస్ట్ దగ్గర సుమారు 0.50 మి.మీ. 0.30 గ్యాపు చప్పుడుకి అలవాటుపడ్డ చెవికి ఇందులో ఆరోగ్యంగా ఉన్న ఎగ్జాస్ట్ వాల్వు కూడా వదులైనదానిలా తోచే ప్రమాదం ఉంది, పాత లెక్క ప్రకారం బిగించేస్తే వాల్వు కాలిపోవచ్చు. ఎలక్ట్రానిక్సు ఇంకా రాని రోజుల్లో, మెకానికల్ పంపుతోనే నడిచిన ఈ ఇంజన్ దగ్గరే పాత చెవి చెల్లుబాటు తగ్గడం మొదలైంది. ఎవరి వినికిడీ మందగించలేదు, పోల్చుకోవడానికి ఉన్న ఉమ్మడి చప్పుడు పోయింది.

తర్వాత వచ్చింది కాలుష్య నిబంధనల వరస: దేశమంతటా బీఎస్-3 2010లో, బీఎస్-4 2017లో, అయిదుని దాటేసి బీఎస్-6 2020 ఏప్రిల్ 1న. పొగ తగ్గాలంటే డీజిల్‌ని సన్నగా, కొలిచి, ఒక్కో మంటకి ఒకటికంటే ఎక్కువసార్లు చిమ్మాలి. దానికి అన్ని ఇంజెక్టర్లకీ ఒకే గొట్టం నుంచి హెచ్చు ఒత్తిడితో డీజిల్ అందించే కామన్ రైలు కావాలి. మంటకి ముందు చిన్న బొట్టు చిమ్మడంతో డీజిల్ ఇంజన్ గుర్తుగా ఉన్న ఆ కటకట కూడా తగ్గింది. పాత నాజిల్ సుమారు 200 బార్ ఒత్తిడి దగ్గర తెరుచుకునేది, ఇప్పటి రైలులో ఒత్తిడి 1,600 బార్, ఇంకా పైన. ఇంజన్ ఆడుతుండగా అక్కడ పైపు నట్టు వదులు చేసేవాడి చర్మాన్ని చీల్చుకుని డీజిల్ లోపలికి పోతుంది. వందేళ్లుగా స్పార్కు ప్లగ్గు మీది స్క్రూడ్రైవరుగా, పైపు నట్టు మీది స్పానరుగా బతికిన పరీక్షకి ఇంజన్ మీద ఇక చోటు లేదు. అది పూర్తిగా చచ్చిపోనూ లేదు. ల్యాప్‌టాప్ తగిలించి ఒక్కో సిలిండరుకి ఇంజెక్షను ఆపి చూసే సిలిండరు కటౌట్ పరీక్ష ఇప్పుడు కంపెనీ సాఫ్టువేరులో ఒక మెనూ. స్పానరు అయిదు నిమిషాల్లో చేసిన పనే ఇదీ చేస్తుంది. ట్యాపెట్ వదులైందా, మ్యానిఫోల్డు గ్యాస్కెట్ చిట్లిందా అన్నది సాఫ్టువేరు ఇప్పటికీ చెప్పదు, ఆ రెంటికీ సెన్సారు లేదు. సిలిండరు ఆపాక టిక్కు మారిందా లేదా అని ఎవరో ఒకరు పక్కన నిలబడి వినాలి. తేడా ఏమిటంటే, స్పానరు ఆటోనగరులో ఏ కుర్రాడి జేబులోనైనా ఉండేది. ఆ సాఫ్టువేరు లైసెన్సుకి ఏటా డబ్బు కట్టాలి, అది ఎక్కువగా కంపెనీ సర్వీసు సెంటర్ల చేతుల్లో ఉంది.